సిజేరియన్ బిడ్డ మొదటి గంట తల్లి దగ్గరే గడవాలంటే ఏం చేయాలి?

సిజేరియన్‌లో బిడ్డను బయటికి తీసిన క్షణం నుంచి తల్లి గుండెల మీదికి చేర్చేదాకా మీ ఆసుపత్రిలో ఎంతసేపు పడుతోంది? అడిగితే చాలామంది "వెంటనే చూపిస్తాం కదండీ" అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. ఒకరోజు గడియారం చూసి రాసుకున్నాను. పాప ఏడ్చింది 9:14కి. తుడిచి, బరువు చూసి, గుడ్డలో చుట్టి, తల్లి బుగ్గకు ఒకసారి ఆనించి వార్డుకు పంపేశాం. తల్లికి కుట్లు పూర్తయి, రికవరీ గదిలో గంటన్నర గడిచి, ట్రాలీ దొరికి, ఆమె వార్డుకు వచ్చేసరికి 12 దాటింది. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. పాప మాత్రం దాదాపు మూడు గంటలు ఒంటరిగా ఉండిపోయింది. అరికాళ్లు చల్లబడ్డాయి. ఏడ్చి ఏడ్చి నిద్రలోకి జారుకుంది. తీరా పాలకు పెడితే నోరు తెరవలేదు.

సిజేరియన్‌లో కోత పడేది తల్లికి. బిడ్డ చాలాసార్లు ఆరోగ్యంగానే పుడుతుంది. ఆ తర్వాత ఒళ్లు చల్లబడటం, పాలు పట్టడం ఆలస్యం కావడం, అవసరం లేకుండా డబ్బా పాలు పోయడం, "ఓసారి అబ్జర్వేషన్‌లో పెడదాం" అని ఐసీయూకి పంపడం చూస్తుంటాం. వీటిలో చాలావాటికి కారణం ఆపరేషన్ చుట్టూ మనం అలవాటు చేసుకున్న పద్ధతులే. మనం పెట్టుకున్న పద్ధతులు కాబట్టి మనమే మార్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో ప్రతి 100 కాన్పుల్లో 21 సిజేరియన్లే. ఇంతమంది పిల్లలను "ప్రత్యేక కేసు" అంటూ తల్లి నుంచి విడదీయడం ఇక ఆపాలి.

ఇది థియేటర్‌లోనూ ప్రసూతి వార్డులోనూ పనిచేసే నర్సులు, డాక్టర్ల కోసం రాస్తున్నాను. కాబోయే తల్లిదండ్రులు చదివినా మంచిదే. ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు కొలవండి

ఏదీ మార్చకముందు వరుసగా 20 సిజేరియన్లకు ఒక నోట్‌బుక్‌లో ఇవి రాయండి:

- బిడ్డ పుట్టిన సమయం
- తల్లి ఛాతీ మీద బట్ట అడ్డం లేకుండా పడుకోబెట్టిన సమయం, అక్కడ ఎన్ని నిమిషాలు ఉంది
- మొదటిసారి రొమ్ము పట్టిన సమయం
- వార్డుకు చేరగానే చంకలో చూసిన టెంపరేచర్
- తల్లిపాలు కాకుండా ఇంకేదైనా పట్టారా, పట్టి ఉంటే ఎందుకు

ఎవరి పేర్లూ రాయకండి. ఎవరినో తప్పుపట్టడానికి రాస్తున్నారన్న అనుమానం వస్తే నిజమైన సమయాలు మీ దాకా రావు. "ఒక గంట" అని ఉజ్జాయింపుగా కాకుండా గడియారంలో ఏముంటే అదే రాయండి. ఈ పని పూర్తయ్యేసరికి ఎక్కడ సమయం పోతోందో మీకే కనబడుతుంది. కొన్నిచోట్ల థియేటర్‌లో పోతుంది. కొన్నిచోట్ల రికవరీ గదిలో. ట్రాలీ కోసం ఎదురుచూడటంలోనే అరగంట పోయే చోట్లూ ఉంటాయి. మీ దగ్గర ఏది పెద్దదో దాంతోనే మొదలుపెట్టండి.

తేదీ విషయంలో తొందర వద్దు

వైద్య కారణం ఏదీ లేకుండా ముందుగా తేదీ అనుకుని చేసే సిజేరియన్ అయితే 39 వారాలు నిండాకే చేయాలి. గర్భంలో ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఉంటుంది. నొప్పులు మొదలైనప్పుడు విడుదలయ్యే హార్మోన్లు ఆ నీటిని పీల్చేసుకోమని ఊపిరితిత్తులకు చెబుతాయి. నొప్పులు రాకముందే బయటికి తీసిన బిడ్డకు ఆ సందేశం పూర్తిగా అందదు. అందుకే ఇలాంటి పిల్లల్లో ఆయాసం ఎక్కువగా చూస్తాం. 37, 38 వారాల్లో తీస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఫలానా రోజు మంచిదనో, డాక్టరు ఊరెళ్తున్నారనో, థియేటర్ ఖాళీగా ఉందనో వారం ముందుకు జరిపితే ఆ భారం బిడ్డ ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఆపరేషన్ లిస్టులో పేరు పక్కన ఎన్ని వారాలో, 39 వారాల కన్నా ముందే అయితే ఎందుకు చేస్తున్నారో రాసే గడి ఒకటి పెట్టండి. ఆ గడి నింపాల్సి వచ్చినప్పుడే చాలా తేదీలు వాటంతట అవే వెనక్కి జరుగుతాయి.

ముందురోజు తల్లితో పది నిమిషాలు

థియేటర్‌లో వణుకుతూ పడుకున్న తల్లికి అప్పుడు చెబితే ఏదీ ఎక్కదు. ముందురోజే పక్కన కూర్చుని చెప్పండి: "అమ్మా, బిడ్డ ఏడవగానే నీ గుండెల మీద పెడతాం. నువ్వు లేవాల్సిన పని లేదు, పట్టుకోవడానికి నేను పక్కనే ఉంటాను. వికారంగా ఉంటే చెప్పు, కాసేపు తీసి మళ్లీ పెడతాను." ఆమెకు ఇష్టమో కాదో అడగండి. టెన్షన్ పడే తల్లులు ఎక్కువగా అడిగేది "నేను పడేస్తానేమో" అని. పడేయరు, ఒకరు పట్టుకునే ఉంటారని తెలిస్తే వాళ్ల ముఖంలో మార్పు కనిపిస్తుంది. తోడు వచ్చినవాళ్లను కూడా ఈ మాటల్లో కూర్చోబెట్టండి. తల్లికి కుదరకపోతే బిడ్డను ఎవరు ఎత్తుకోవాలో అప్పుడే తేల్చుకోండి.

గౌను ముందువైపు విప్పుకునేలా వేయించండి. ఈ చిన్న విషయం మరిచిపోతే థియేటర్‌లో ముడులు విప్పుతూ ఐదు నిమిషాలు పోతాయి.

థియేటర్‌ను బిడ్డ కోసం సిద్ధం చేయండి

ముందుగా ఏసీ సంగతి. స్టెరైల్ గౌను కింద సర్జన్‌కు చెమటలు పడతాయి, నిజమే. కానీ ఒళ్లంతా తడితో 37 డిగ్రీల చోటు నుంచి వచ్చే బిడ్డకు 20 డిగ్రీల గది మంచులా ఉంటుంది. కాన్పు గది 25 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. థియేటర్‌లో అంత ఉంచడానికి ఒప్పుకోకపోతే, బిడ్డను తీసే సమయానికైనా 23కి కిందికి దిగనివ్వకండి. రోజంతా వాదించడం కన్నా కోత పెట్టే ముందు ఏసీ పెంచే బాధ్యత ఒకరికి అప్పగిస్తే పని జరుగుతుంది. గోడకు థర్మామీటరు తగిలించండి. "బాగానే ఉంది" అన్న మాట మీద ఆధారపడకండి. మాస్కు, గౌను వేసుకున్న మనకు ఆ గది ఎప్పుడూ వెచ్చగానే అనిపిస్తుంది.

బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ ముందే వేసి ఉంచండి. రెండు పొడి తువ్వాళ్లు, ఒక టోపీ దాని కింద వెచ్చబడుతూ ఉండాలి. ఒక తువ్వాలు తుడవడానికి, రెండోది కప్పడానికి. తుడిచిన తడి తువ్వాలుతోనే మళ్లీ చుట్టడం మనం తరచుగా చేసే పొరపాటు. తడి గుడ్డ ఆరుతూ ఆరుతూ బిడ్డ ఒంటి వేడిని లాగేస్తుంది.

ఊపిరి తీసుకోని బిడ్డకు గాలి ఇచ్చే యాంబు బ్యాగ్, సరైన సైజు మాస్కు చేతికి అందేలా ఉండాలి. బ్యాగ్‌ను అరచేతికి నొక్కి గాలి వస్తోందో లేదో ప్రతిసారీ చూడండి. నిన్న పనిచేసింది కదా అని వదిలేయకండి.

మత్తు డాక్టరుతో కూడా ముందే మాట్లాడుకోండి. ఈసీజీ స్టిక్కర్లు భుజాల వెనక్కో పక్కలకో అతికిస్తే ఛాతీ ఖాళీగా ఉంటుంది. సెలైన్ క్యాన్యులా తల్లి ఎక్కువగా వాడని చేతికి పెడితే రెండో చేత్తో బిడ్డను పట్టుకోగలదు. ఆ చేతిని బల్లకు కట్టేయకండి. మత్తు డాక్టర్లు నిజానికి బిడ్డకు పాత మిత్రులే. బిడ్డ పుట్టగానే ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో బిడ్డ స్థితిని అంచనా వేయడానికి మనం వేసే అప్గార్ స్కోరును 1952లో రూపొందించిన వర్జీనియా అప్గార్ మత్తు డాక్టరే.

అన్నిటికన్నా ముఖ్యం: ఆ థియేటర్‌లో ఒక నర్సుకు బిడ్డ తప్ప వేరే పని ఉండకూడదు. స్పాంజీలు లెక్కపెట్టడం, మందులు అందించడం, ఫోను ఎత్తడం ఏదీ ఆమెకు చెప్పకండి. ఈ ఒక్క మనిషిని కేటాయించకుండా మిగతావన్నీ చేసినా ఫలితం రాదు. నేను చాలాసార్లు చూశాను.

బిడ్డ బయటికి వచ్చాక మొదటి నిమిషం

బిడ్డను తీయగానే బొడ్డుతాడు కోసేయకుండా కనీసం ఒక నిమిషం ఆగాలి. సిజేరియన్‌లోనూ అంతే. ఆ నిమిషంలో మాయ నుంచి బిడ్డకు రక్తం చేరుతుంది, ఇనుము నిల్వలు పెరుగుతాయి. బిడ్డను తల్లి తొడల మీద స్టెరైల్ తువ్వాలులో ఉంచి, సర్జనో అసిస్టెంటో వీపు, తల తుడుస్తుంటే సరిపోతుంది. నర్సు గడియారం చూస్తూ "ముప్పై... నలభై ఐదు... అరవై" అని పైకి చెప్పాలి. మామూలుగా మన చేతులు ఆగేది పది సెకన్లే. పైకి లెక్కపెడితేనే నిమిషం నిమిషంగా నిలబడుతుంది.

బాగా తుడిచినా, వీపు రుద్దినా ఊపిరి తీసుకోకపోతే మాత్రం ఆగకండి. తాడు కోసి వార్మర్ మీదికి తీసుకెళ్లి, పుట్టిన ఒక నిమిషంలోపే బ్యాగ్‌తో గాలి ఇవ్వడం మొదలుపెట్టండి. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టవచ్చు. ఇక్కడ సెకన్లు లెక్కే. బిడ్డ నర్సుగా నిలబడే ప్రతి ఒక్కరూ బొమ్మ మీద దీన్ని క్రమం తప్పకుండా సాధన చేస్తూ ఉండాలి.

ఉమ్మనీరు స్వచ్ఛంగా ఉండి, బిడ్డ ఏడుస్తుంటే నోట్లో, ముక్కులో గొట్టం పెట్టి లాగాల్సిన పని లేదు. సిజేరియన్ బిడ్డకు గొంతులో నీరు ఎక్కువుంటుందని అందరికీ సక్షన్ పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఉపయోగం లేదు సరికదా, గొంతు వెనక గొట్టం తగిలితే గుండె వేగం పడిపోవచ్చు.

ఛాతీ మీద పెట్టడం ఎలా

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. అందరూ ఒప్పుకునేదీ, చేయలేకపోయేదీ ఇదే.

బిడ్డను పొట్ట వైపు నుంచి తీసుకురావద్దు. తల్లి తల పక్కగా, భుజం మీదుగా తీసుకురండి. సర్జన్ ఇంకా కుట్లు వేస్తుంటారు కాబట్టి ఛాతీ కిందివరకు స్టెరైల్ గుడ్డలు ఉంటాయి. మామూలు కాన్పులోలా నిలువుగా పడుకోబెడితే కాళ్లు అక్కడికి తగులుతాయి. అందుకని రొమ్ముల పైభాగంలో అడ్డంగా, బోర్లా పడుకోబెట్టండి. తల ఒక భుజం వైపు, కాళ్లు మరో చంక వైపు. బుగ్గ తల్లి చర్మానికి ఆనాలి. ముఖం పక్కకు తిరిగి ఉండాలి. ముక్కు, నోరు మీకు కనిపిస్తూ ఉండాలి. మెడ ముందుకు వంగి గడ్డం ఛాతీకి అంటుకోకూడదు. టోపీ పెట్టి, వీపు మీద రెండో పొడి తువ్వాలు, దాని మీద దుప్పటి కప్పండి. మధ్యలో గుడ్డ లేకుండా చూసుకోండి.

ఇక మీ చేయి. ఒక అరచేయి బిడ్డ పిరుదుల దగ్గర, తల్లి చేతి మీద ఉంచండి. ఆమె పట్టుకున్నట్టే ఉంటుంది, బరువు మీ చేతి మీద ఉంటుంది. స్పైనల్, అంటే వెన్నులో మత్తు ఇచ్చాక చాలామందికి వణుకు వస్తుంది. వణుకుతున్న తల్లి మీద బిడ్డను పెట్టకూడదని మొదట్లో నేనూ అనుకునేదాన్ని. ఒకసారి పళ్లు కొరుకుతూ వణికిపోతున్న ఒక తల్లి "పెట్టండి సిస్టర్" అని పట్టుబట్టింది. పెట్టాం. బాబు కళ్లు తెరిచి ఆమె గడ్డం వైపు చూశాడు. ఆమె రెండు నిమిషాలు ఏడ్చింది, తర్వాత మెల్లగా పాట అందుకుంది. ఆమె వణుకు ఎప్పుడు తగ్గిందో కూడా మేం గమనించలేదు.

వాంతి వస్తే, బీపీ పడిపోతే, బిడ్డను ఎత్తి పక్కన వెచ్చగా ఉంచి, తల్లి కుదుటపడగానే మళ్లీ పెట్టండి. "ఒకసారి తీశాం కదా, ఇక వార్డులో చూద్దాం" అనుకోకండి.

అప్గార్ స్కోరు బిడ్డ ఛాతీ మీద ఉండగానే వేయవచ్చు. చేతికి, కాలికి గుర్తింపు పట్టీలు కూడా తల్లి కళ్లముందే కట్టండి. బరువు, పొడవు, స్నానం ఏవీ తొందర లేవు. బరువు ఇప్పుడు చూసినా గంట తర్వాత చూసినా దాదాపు అంతే ఉంటుంది. చల్లటి తూకం పళ్లెం మీద పెట్టిన బిడ్డ ఒంటి వేడి మాత్రం వెంటనే పడిపోతుంది. తర్వాత చూసేటప్పుడు కూడా పళ్లెం మీద వెచ్చటి గుడ్డ వేసి, దాని బరువు తీసేయండి.

విటమిన్ కె ఇంజక్షన్ 1 మిల్లీగ్రాము, తొడ కండరంలో, మొదటి గంట గడిచాక ఇస్తే చాలు. రొమ్ము పట్టి ఉన్నప్పుడు ఇస్తే బిడ్డకు నొప్పి తక్కువ తెలుస్తుంది. హెపటైటిస్ బి టీకా మొదటి 24 గంటల్లో వేయాలి.

ఇంకొకటి. మొదటి పూర్తి పరీక్షలో తల, బుగ్గలు, పిరుదులు వెలుతురులో జాగ్రత్తగా చూడండి. అరుదుగా సర్జన్ కత్తి మొన తగిలి చిన్న గీత పడుతుంది. ఉంటే దాచకుండా తల్లిదండ్రులకు అదే రోజు చెప్పండి, కేస్ షీట్‌లో రాయండి.

తల్లికి కుదరనప్పుడు

పూర్తి మత్తు ఇచ్చినా, రక్తస్రావం ఎక్కువగా ఉన్నా తల్లి బిడ్డను తీసుకోలేదు. అప్పుడు తండ్రో, ముందురోజు అనుకున్న తోడు మనిషో చొక్కా విప్పి ఛాతీకి హత్తుకోవచ్చు. వాళ్లను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి, బిడ్డను నిటారుగా పెట్టి, పైన దుప్పటి కప్పండి. ఒంటి వేడి నిలుస్తుంది, ఏడుపు తగ్గుతుంది. తల్లికి మెలకువ వచ్చి, మాట్లాడుతూ స్థిమితంగా ఉంటే అప్పటి నుంచే పాలు పట్టవచ్చు. మత్తు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగాలన్న నియమం లేదు.

థియేటర్ నుంచి వార్డుకు: ఎక్కువగా ఇక్కడే చెడుతుంది

థియేటర్‌లో అరగంట చక్కగా గడిచినా, తల్లిని మంచం నుంచి ట్రాలీ మీదికి మార్చేటప్పుడు బిడ్డను తీసి, "ముందు పంపించేద్దాం" అంటారు. అక్కడితో కథ మొదటికి వస్తుంది. తల్లిని మార్చే రెండు నిమిషాలు బిడ్డ నర్సు చేతుల్లోనో తండ్రి చేతుల్లోనో ఉండాలి. ట్రాలీ మీద తల్లి కుదురుకోగానే తిరిగి ఆమె ఛాతీ మీదికి చేర్చండి. ట్రాలీ కటకటాలు రెండువైపులా వేసి, ఇద్దరినీ కలిపి తీసుకెళ్లండి.

రికవరీ గదిలో బిడ్డకు చోటు లేదంటారు. బిడ్డకు కావాల్సిన చోటు తల్లి ఛాతీయే. అక్కడ కావాల్సింది బిడ్డను చూసే మనిషి. మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు తల్లి బీపీతో పాటే బిడ్డ రంగు, ఊపిరి, ముక్కు మూసుకుపోలేదా, మెడ వంగిందా చూసి రాయండి. తల్లి పేపర్లోనే బిడ్డకూ ఒక గడి ఉంటే ఎవరూ మరిచిపోరు.

ఈ జాగ్రత్త ఎంత ముఖ్యమో గట్టిగా చెప్పాలి. మత్తు, నొప్పి మందులు, నిద్రలేమి కలిసి తల్లికి కళ్లు మూతలు పడతాయి. ఆమె నిద్రపోతే, పక్కన మెలకువగా ఎవరూ లేకపోతే బిడ్డను తీసి పక్క ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మీద బోర్లా ఉన్న బిడ్డకు ముక్కు నొక్కుకుపోవడం, మంచం మీంచి జారిపోవడం రెండూ జరగగలవు. బిడ్డ "హాయిగా నిద్రపోతోంది" అని దూరం నుంచే చూసి వెళ్లిపోకండి. దగ్గరికెళ్లి ముఖం చూడండి.

మొదటి పాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో చెప్పి, 2018లో సవరించిన, తల్లిపాలు విజయవంతంగా పట్టించేందుకు ఉద్దేశించిన పది సూత్రాల్లో నాలుగోది ఇదే: పుట్టగానే చర్మానికి చర్మం తగిలేలా ఉంచి, వీలైనంత త్వరగా తల్లిపాలు మొదలుపెట్టించాలి. మొదటి గంటలో బిడ్డ చాలా చురుగ్గా ఉంటుంది. నాలుక బయట పెడుతుంది, చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది, తల ఎత్తి వెతుకుతుంది. ఆ గుర్తులు కనిపించినప్పుడు దగ్గరికి జరపండి. తలను వెనక నుంచి రొమ్ముకేసి నొక్కకండి. నొక్కితే బిడ్డ ఎదురు తిరుగుతుంది.

కుట్ల మీద బరువు పడకుండా రెండు పద్ధతులు బాగా పనికొస్తాయి. ఒకటి, తల్లి పక్కకు తిరిగి పడుకుని బిడ్డను ఎదురుగా పడుకోబెట్టడం. ఆమె వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి పెడితే పొట్ట లాగదు. రెండోది, బిడ్డ కాళ్లు తల్లి చంక కిందుగా వెనక్కి పోయేలా పక్కన పట్టుకోవడం. ఆమె కాస్త లేచి కూర్చోగలిగాక ఇది సులువు. బిడ్డ నోరు పెద్దగా తెరిచి, చనుమొనతో పాటు నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. తల్లికి మొన దగ్గర మంట పుడుతుంటే పట్టు సరిగా లేదని అర్థం. వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి.

"పాలు పడలేదు" అన్న మాట వార్డులో రోజూ వినిపిస్తుంది. మొదటి రోజు బిడ్డకు ఒక్కోసారి కావాల్సింది 2 నుంచి 10 మిల్లీలీటర్లే, అంటే అర చెంచా నుంచి రెండు చెంచాలు. చిక్కటి ముర్రుపాలు అంతే వస్తాయి, అవి చాలు. సిజేరియన్ అయినవాళ్లకు పాలు నిండుగా పడటం మామూలు కాన్పు అయినవాళ్ల కన్నా కాస్త ఆలస్యం కావచ్చు. అది ముందే తెలిస్తే మూడో రోజు తల్లి కంగారుపడదు. బిడ్డ నిద్రమత్తులో ఉండి పట్టకపోతే చేత్తో పిండి, చెంచాతో పట్టండి. ఉగ్గుగిన్నె అయినా సరే. బొటనవేలు, చూపుడువేలు నల్లటి భాగం అంచున పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. తర్వాత పసుపు రంగు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కను తల్లికి చూపించండి. "నాకు పాలున్నాయి" అన్న నమ్మకం మన ఉపన్యాసాల కన్నా ఆ చుక్కతోనే ఎక్కువ వస్తుంది.

24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. రాత్రులు కూడా.

నొప్పితో విలవిల్లాడే తల్లి బిడ్డను ఎత్తుకోలేదు. నొప్పి మందు బిడ్డకు చేరుతుందేమోనని భరించమని చెప్పడం తప్పు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చే తల్లులకు సురక్షితమే, తల్లికి వేరే అభ్యంతరం లేకపోతే క్రమం తప్పకుండా ఇవ్వండి. కొడీన్, ట్రమడాల్ మాత్రం వద్దు. పాలిచ్చే తల్లులు వీటిని వాడకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

ఊపిరి, వేడి, షుగర్

సిజేరియన్ బిడ్డ ఊపిరిని ప్రత్యేకంగా చూడాలి. ఏడుపు లేనప్పుడు, పొట్ట కదలికను పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పుతుంది, ఎందుకంటే పసిపిల్లలు కాసేపు వేగంగా, కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటారు. 60 దాటితే, మూలుగు వినిపిస్తే, డొక్కలు లోపలికి పోతుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, పెదవులు నీలంగా ఉంటే వెంటనే పిల్లల డాక్టరును పిలవండి. ఊపిరితిత్తుల్లో నీరు మిగిలిపోవడం వల్ల వచ్చే ఆయాసం, మనం టీటీఎన్ అనేది, చాలామందిలో ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ అదేనని నర్సుగా మనమే తేల్చేయకూడదు. ఇన్‌ఫెక్షన్ కూడా ఇలాగే మొదలవుతుంది.

చంకలో టెంపరేచర్ 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. 36.5 కన్నా తగ్గితే ముందు చేయాల్సింది తల్లి ఛాతీ మీద పెట్టి, టోపీ చూసి, దుప్పటి కప్పి, అరగంటలో మళ్లీ చూడటం. పెరగకపోయినా, 36 కన్నా తక్కువ ఉన్నా డాక్టరుకు చెప్పాలి. స్నానం కనీసం 24 గంటలు వాయిదా వేయండి. ఒంటి మీది తెల్లటి జిడ్డు మురికి కాదు, చర్మానికి రక్షణ. రక్తం మరకలుంటే గుడ్డతో తుడిస్తే పోతుంది.

తల్లికి షుగర్ ఉన్నా, బిడ్డ మరీ చిన్నదైనా, మరీ పెద్దదైనా, నెలలు నిండకపోయినా బిడ్డ రక్తంలో చక్కెర చూడాలి. ముందు పాలు పట్టి తర్వాత చూడండి. ఈ కారణాలేవీ లేని, చురుగ్గా పాలు తాగే బిడ్డ మడమకు ఊరికే సూది గుచ్చకండి.

పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూస్తే గుండెలో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు కొన్ని ముందే బయటపడతాయి. ఐదు నిమిషాల పని. మీ దగ్గర లేకపోతే మొదలుపెట్టండి.

ఐసీయూకి వెళ్లాల్సి వస్తే

తీసుకెళ్లే ముందు, పది సెకన్లయినా సరే, బిడ్డ ముఖాన్ని తల్లికి చూపించి, ఎందుకు తీసుకెళ్తున్నామో ఒక వాక్యంలో చెప్పండి. తొలి గంటలోనే పాలు పిండించడం మొదలుపెట్టండి, ఆ చుక్కలను బిడ్డకు పంపండి. తల్లిని చక్రాల కుర్చీలోనో, మంచంతో సహానో ఆ రోజే బిడ్డ దగ్గరికి తీసుకెళ్లండి. "కుట్లు ఆరాక వెళ్దువుగాని" అనకండి.

బరువు తక్కువ పిల్లలకు ఇది ప్రాణాల లెక్క. కొలంబియాలోని బొగోటాలో 1978లో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతిని, అంటే బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకుని ఉంచడాన్ని, చాలాకాలం బిడ్డ స్థిమితపడ్డాకే చేసేవాళ్లం. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఐదు ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లలను పుట్టిన కొద్దిసేపటికే తల్లి ఛాతీకి చేర్చి, అక్కడే ఉంచి వైద్యం చేస్తే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. వాళ్లు తల్లి మంచాన్నే నవజాత శిశువుల ఐసీయూలోకి తెచ్చారు. సిజేరియన్ అయిన తల్లులనూ తెచ్చారు.

ఇంటికి పంపేలోపు

తల్లికి ఎక్కించిన సెలైన్ వల్ల బిడ్డ ఒంట్లోనూ కొంత నీరు చేరి, పుట్టినప్పటి బరువు కాస్త ఎక్కువ కనిపించవచ్చు. అందుకే మొదటి రోజు తగ్గిన బరువు చూసి డబ్బా పాలకు పరుగెత్తకండి. 7 శాతం దాటితే పాలు పట్టే తీరును కూర్చుని పూర్తిగా ఒకసారి గమనించండి. 10 శాతానికి చేరితే డాక్టరు చూడాలి. మూత్రం, నల్లటి మొదటి విరేచనం ఎప్పుడయ్యాయో రాసి ఉందో లేదో చూడండి. మొదటి 24 గంటల్లో కనిపించే కామెర్లు ఎప్పుడూ మామూలువి కావు. తర్వాత వచ్చేవాటినీ కంటితో అంచనా వేయకుండా కొలిచి పంపండి.

యోని స్రావాలను బిడ్డ ఒంటికి పూస్తే మంచి బ్యాక్టీరియా వస్తుందట కదా అని ఈమధ్య కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. పరిశోధనల్లో తప్ప బయట చేయకూడదు, ఇన్‌ఫెక్షన్లు అంటుకునే ప్రమాదం ఉంది. వాళ్ల ఆరాటం అర్థం చేసుకుని, తల్లి చర్మం, తల్లిపాలు ఆ పని చాలావరకు చేస్తాయని చెప్పండి.

ఒకేసారి అంతా మార్చకండి

ఒప్పుకునే ఒక సర్జన్‌ను, ఒక మత్తు డాక్టరును చూసుకోండి. ఒక రోజు, ఒక తల్లితో చేయండి. సాయంత్రం ఐదు నిమిషాలు నిలబడి ఏది అడ్డొచ్చిందో మాట్లాడుకోండి. మేం మొదటిసారి చేసినప్పుడు టోపీ దొరకలేదు, గౌను వెనక ముడులు వేసి ఉంది, దుప్పటి స్టోర్‌లో ఉండిపోయింది. రెండోసారికి ఒక ట్రేలో అన్నీ సర్దాం. నాలుగోసారికి ఎవరూ గుర్తుచేయాల్సిన అవసరం రాలేదు.

వారానికోసారి ఆ నోట్‌బుక్ అంకెలను ఒక గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టి, స్టాఫ్ టీ తాగే చోట గోడకు అంటించండి. పుట్టినప్పటి నుంచి మొదటి పాల దాకా ఎన్ని నిమిషాలు, అదొక్కటే చాలు. చుక్కలు కిందికి దిగుతుంటే అందరి కళ్లూ అటు వెళ్తాయి. ఒక చుక్క ఉన్నట్టుండి పైకి లేస్తే, ఆ రోజు రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారో ముందు చూడండి. చాలాసార్లు ఆ రోజు బిడ్డ నర్సును వేరే పనికి లాగేసి ఉంటారు.

రేపటి ఆపరేషన్ లిస్టు ఇప్పటికే తయారై ఉంటుంది. సర్జన్, మత్తు డాక్టరు, స్క్రబ్ నర్సు పేర్ల పక్కన ఇంకో గడి గీయండి. దాని పైన "బిడ్డ నర్సు" అని రాసి, ఒకరి పేరు నింపండి.